ఆభరణాలు కావవి, అవయవాలు

వస్తువును చెడగొట్టదలచినవాడు ముందు దాని పేరును చెడగొడతాడు. సైకిలు విషయంలో మన కళ్ళెదుట జరిగినది ఇదే. దీపం, గంట, మడ్‌గార్డు, స్టాండు, క్యారియరు, తాళం, పంపు - వీటన్నిటినీ ఒక గంపలో వేసి ఇప్పుడు 'యాక్సెసరీస్' అంటున్నారు. అంటే అదనపు హంగులు. ఉంటే శోభ, లేకుంటే లోటేమీ లేదని ధ్వని. ఆ ధ్వని అబద్ధమనీ, ఆ అబద్ధానికి ఖరీదు చీకటిపడ్డ రోడ్ల మీద మనుషులు కడుతున్నారనీ చెప్పడమే ఈ టపా ఉద్దేశం. సైకిళ్ళ కొట్టువారికి కోపం వస్తే రానివ్వండి.

ఈ తగవును మన ఆలంకారికులు ఎప్పుడో తీర్చిపెట్టారు. గుణాలకూ అలంకారాలకూ భేదం చెబుతూ మమ్మటుడు కావ్యప్రకాశంలో గుణాలను మనిషిలోని శౌర్యాదులతోనూ, అలంకారాలను ఒంటిమీది హారాదులతోనూ పోల్చాడు. హారం తీసి పక్కన పెడితే మనిషికి వచ్చే నష్టం లేదు. శౌర్యం తీసి పక్కన పెట్టడం కుదరదు. ఇక కన్ను సంగతి వేరే చెప్పాలా? సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు వదిలి సైకిలెక్కే మనిషికి దీపం హారం కిందికి వస్తుందా, కంటి కిందికి వస్తుందా? ఈ ఒక్క ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే మిగతా టపా చదవనక్కర లేదు. కానీ కొట్లో ఈ ప్రశ్న ఎవరూ వేయరు గనుక సాగదీయక తప్పదు.

హైబ్రిడ్ అనే మాట మన రైతుకు కొత్త కాదు. హైబ్రిడ్ విత్తనం కొన్నవాడు దానికి తగిన ఎరువూ మందూ కూడా కొనక తప్పదని, మళ్ళీ ఏడు మళ్ళీ విత్తనమూ కొనక తప్పదని అతనికి అనుభవం నేర్పింది. హైబ్రిడ్ సైకిలు కథ కూడా కొంత అలాంటిదే. పందెపు సైకిలు నుంచి పెద్ద చక్రాలనూ, కొండదారుల సైకిలు నుంచి తిన్నని హ్యాండిలునూ తీసుకుని చేసిన సంకరమిది. చక్రం 700సి కొలత. టైరు వెడల్పు సాధారణంగా 32 నుంచి 42 మిల్లీమీటర్లు. పందెగాడిలా నడుము రెండుగా వంచనక్కర లేదు. లావుపాటి గళ్ళ టైర్లను తారురోడ్డు మీద ఈడ్చనూ అక్కర లేదు. ఇల్లు, ఆఫీసు, రైతుబజారు - ఈ మూడింటి మధ్య తిరిగే నగరవాసికి ఇంతకన్న అనువైన వాహనం లేదని నా నిశ్చితాభిప్రాయం. కాబట్టి నా తగవు సైకిలుతో కాదు. రోజూ తిరగడానికే పుట్టిన వాహనాన్ని రోజూ తిరగడానికి వీల్లేని స్థితిలో మన చేతికిస్తున్నారే, ఆ పద్ధతితో.

ఇరవై వేలో ముప్ఫై వేలో పెట్టి కొన్న హైబ్రిడ్ సైకిలును కొట్టు బయట నిలబెట్టి ఒకసారి తేరిపార చూడండి. అసలు నిలబెట్టడానికే వీలుండదు, చాలావాటికి స్టాండు ఉండదు గనుక. గోడకు చేరవేసి చూడండి. మడ్‌గార్డులు లేవు. క్యారియరు లేదు. చైనుకు పూర్తి కవరు లేదు. తాళం లేదు. దీపం లేదు. గంట కూడా లేనివి ఉన్నాయి. వెనక ఒక ఎర్ర బిళ్ళ, ముందొక తెల్ల బిళ్ళ, చువ్వల్లో నాలుగు పసుపు బిళ్ళలు - వెలుతురు పడితే మెరిసేవి - ఇవే ఉన్న భద్రత అంతా. ఏనుగును అమ్మి అంకుశం విడిగా కొనుక్కోమన్నట్టు లేదూ?

అంకుశమన్నా ముందు చూపిస్తారా అంటే అదీ లేదు. నాతో పనిచేసే మిత్రుడొకాయన 2021లో సైకిలు కొంటూ నన్ను వెంటబెట్టుకు వెళ్ళాడు. సైకిలు బేరం తెగాక కొట్టులో కుర్రవాడు వరసగా తీసి బల్ల మీద పరచినవి ఇవి: వంటికి అతుక్కునే రంగుల చొక్కా, మెత్త కుట్టిన నిక్కరు, సగం వేళ్ళ చేతొడుగులు, సీటు మీద తొడిగే జెల్లు దిండు, వేగమూ దూరమూ చూపే చిన్న కంప్యూటరు, నీళ్ళ సీసా. ఆరువేల పైచిలుకు బిల్లు అయింది. "లైటు చూపించు నాయనా" అని నేను అడిగితే, "సారు పొద్దున్నే కదండీ తొక్కేది" అన్నాడు. ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టను. అతనికి నేర్పిన పాఠం అది. సైకిలు కొనేవాడు తెల్లవారుజామున వ్యాయామానికి తొక్కి, ఏడుగంటలకు ఇల్లు చేరి, ఫోటో పెట్టుకుని, కారులో ఆఫీసుకు పోయేవాడే అయివుండాలని ఆ పాఠం సారాంశం. నా మిత్రుడూ నవ్వి, దీపం తరవాత చూద్దామన్నాడు.

మూడోవారంలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుండగా సర్వీసు రోడ్డులో ఎదురుదిశలో వచ్చిన స్కూటరు ఆయనను కొట్టింది. మెడ కింది ఎముక విరిగింది. రెండు నెలలు చెయ్యి కదపలేదు. తప్పు నూటికి నూరుపాళ్ళూ ఎదురు వచ్చినవాడిదే, అందులో వివాదం లేదు. కానీ ఆసుపత్రి వరండాలో ఆ స్కూటరు మనిషి నిజమైన దుఃఖంతో అన్నమాట నా చెవిలో ఇప్పటికీ ఉంది: "కనబళ్ళేదు సార్, ఒట్టు." అతను అబద్ధమాడలేదు. వంటి మీద రంగుల చొక్కా ఉంది, హ్యాండిలు మీద కంప్యూటరు ఉంది. ఆ వేళకు అవేవీ కనబడవు.

కనబడటం అనేదాన్ని లెక్కలో పెట్టి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని కన్ను గ్రహించి, కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, అప్పటికే వాహనం 25 మీటర్లు వచ్చేస్తుంది. ఆపైన పొడిరోడ్డు మీద ఆగడానికి మరో 20 మీటర్లు. మొత్తం 45. అంటే అంతకన్న ముందే మీరు అతని కంటపడాలి. చువ్వల్లోని బిళ్ళలకు స్వయంగా వెలుగు లేదు. ఎవరి దీపం వాటి మీద పడిందో ఆ దీపం వైపుకే వెలుగును తిప్పి పంపుతాయి. అడ్డసందులోంచి వచ్చేవాడి దీపం మీ వెనక బిళ్ళ మీద పడదు. ఒక దీపం మాడిన ఆటో, అసలు దీపం వేయని మోపెడు మీ బిళ్ళను మెరిపించలేవు. బిళ్ళ ఎదుటివాడి దయ మీద బతుకుతుంది, దీపం తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. రెండూ ఉండాలి, కానీ ఒకదాన్ని చూపి రెండోదాన్ని ఎగవేయకూడదు.

ఇక్కడొక ఆక్షేపణ వస్తుందని తెలుసు. "పాత సైకిలుకు మాత్రం అన్నీ కంపెనీవాడే ఇచ్చేవాడా?" అని. లేదు. గతాన్ని బంగారం చేసి చూపడం నా పని కాదు. రాడ్డు బ్రేకుల నల్లసైకిలుకు మడ్‌గార్డులూ, చైనుకవరూ, వెనక చక్రాన్ని లేపి నిలబెట్టే స్టాండూ, క్యారియరూ ఉండేవి. గంటా డైనమో చాలాచోట్ల విడిగానే కొని బిగించుకునేవారు. కానీ విడిగా కొన్నంత మాత్రాన వాటిని ఎవరూ షోకు అనలేదు. పురపాలక సంఘానికి రుసుము కట్టి సైకిలుకు బిళ్ళ వేయించుకున్న రోజులవి. పొద్దుగూకాక దీపం లేకుండా తొక్కితే పోలీసు ఆపేవాడు. దీపం లేనందుకు జరిమానా కట్టిన పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు, అడిగి చూడండి. ఆ కథ నవ్వుతూ చెబుతారు. ఆ పోలీసుకు పైకం కోసమే అంత శ్రద్ధ అని మనం ఎగతాళి చేయవచ్చు. కానీ సైకిలు ఒక వాహనమనీ, వాహనానికి దీపముండాలనీ ఆ కాలపు పోలీసుకు ఉన్న స్పృహ ఈ కాలపు కొట్టువాడికి లేదు. సైకిలు వాహనాల వరసలోంచి జారి ఆటవస్తువుల వరసలో పడిందనడానికి ఇంతకన్న సాక్ష్యం వద్దు.

ఇతర దేశాల వైపు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. జర్మనీలో రోడ్డుమీదికి వచ్చే సైకిలుకు గంట, రెండు వేర్వేరు బ్రేకులు, ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం, మెరిసే బిళ్ళలు ఉండాలని వాహన నిబంధనే చెబుతుంది. 2013 దాకా ఆ దీపం డైనమోతోనే వెలగాలన్నది నియమం. ఆ ఏడు బ్యాటరీ దీపాలకూ అనుమతి వచ్చింది. మినుకు మినుకుమని కొట్టుకునే దీపాలను అక్కడ సైకిలుకు ఒప్పుకోరు. స్థిరంగా వెలిగితేనే ఎదుటివాడికి దూరం అంచనా దొరుకుతుంది గనుక అది సబబైన నియమమే. బ్రిటన్‌లో 2010 నాటి నిబంధనల ప్రకారం కొత్త సైకిలును గంట లేకుండా అమ్మకూడదు. హెల్మెట్టు పెట్టుకోని సైకిలిస్టులకు పేరుపడ్డ నెదర్లాండ్స్‌లో సైతం చీకటిలో దీపం లేకుండా తొక్కడం నేరం. మనదేశంలో? 1988 నాటి మోటారు వాహనాల చట్టం దృష్టిలో సైకిలు మోటారు వాహనం కాదు, కాబట్టి ఆ చట్టానికి దానితో పెద్దగా పనిలేదు. 2020లో కేంద్ర ప్రభుత్వం సైకిళ్ళకు పెట్టే మెరుపు బిళ్ళల నాణ్యతపై ఒక ఉత్తర్వు తెచ్చింది. మంచిదే. కానీ బిళ్ళ దగ్గరే ఆగింది. దీపం దాకా రాలేదు.

నవ్వు వచ్చే సంగతి ఒకటి చెబుతాను. పన్నులవాళ్ళ పద్దుల పట్టికలో సైకిలు భాగాలకూ, యాక్సెసరీస్‌కూ ఒక్కటే శీర్షిక - 8714. ఇరుసూ అందులోనే, మడ్‌గార్డూ అందులోనే. రెంటినీ విడదీయడం వారివల్ల కాలేదో, అవసరమనిపించలేదో గాని, ఈ విషయంలో పన్నులవాడికున్న వివేకం వ్యాపారికి లేకపోయింది.

సరే, తిట్టింది చాలు. కొత్తగా హైబ్రిడ్ సైకిలు కొన్నవారు, కొనబోతున్నవారు ఏది ముందు కొనాలో, ఏది ఎందుకు కొనాలో నా లెక్క ఇది. ఇష్టాయిష్టాల వరస కాదు, అవసరాల వరస.

మొదటిది దీపం. ముందు తెల్లది, వెనక ఎర్రది. ఇప్పుడు ఫోను ఛార్జరుతోనే నిండే దీపాలు దొరుకుతున్నాయి. రెండూ కలిపి జెర్సీ ఖరీదుకు మించవు. ముందు దీపాన్ని కాస్త కిందికి వంచి బిగించండి. ఎదుటివాడి కళ్ళలో కొట్టే దీపం అతన్ని గుడ్డివాణ్ణి చేసి మీ మీదికే తెస్తుంది. వెనక దీపం మీద సంచీగాని, చొక్కా చెరగుగాని పడకుండా చూసుకోండి. రాత్రి తొక్కనివారు సైతం కొనాలి, ఎందుకంటే పంక్చరైన సాయంత్రం చీకటి మిమ్మల్ని అడిగి రాదు.

రెండోది గంట. బస్సువాడికి గంట వినబడదన్నది నిజం. గంట బస్సు కోసం కాదు. ఫోను చూసుకుంటూ నడిచే మనిషి కోసం, పార్కు పక్కన పరిగెత్తే పసివాడి కోసం. అరవడంకన్న గంట కొట్టడం మర్యాద. దాని పక్కనే, హ్యాండిలు కుడికొసకు ఒక చిన్న అద్దం పెట్టుకోండి. మనం ఎడమపక్కన నడుస్తాం గనుక వెనకనుంచి వచ్చే గండం కుడిపక్కనే ఉంటుంది.

మూడోది తాళం. చాలా హైబ్రిడ్ సైకిళ్ళ చక్రాలు చేత్తో మీట తిప్పితే ఊడివస్తాయి. సన్నని తీగ తాళాన్ని తెగ్గొట్టడానికి చిన్న కటింగు ప్లేయరు చాలు. యు ఆకారపు ఉక్కు తాళం కొనండి. సైకిలు విజ్ఞానమంతా ఉచితంగా రాసిపెట్టి 2008లో కన్నుమూసిన అమెరికన్ మెకానిక్కు షెల్డన్ బ్రౌన్ చెప్పిన కిటుకు ఇది: ఫ్రేము వెనకభాగంలో ఏర్పడే త్రికోణం లోపల పడేలా వెనక రిమ్ముకు తాళం వేసి స్తంభానికి కడితే చాలు; చక్రం ఆ త్రికోణంలోంచి బయటికి రాదు గనుక ఫ్రేము కూడా భద్రమే. చిన్న తాళంతో పెద్ద పని. వ్యాపారికి దొరకని ఇలాంటి తెలివి పంచిపెట్టేవారికే దొరుకుతుంది.

నాలుగోది మడ్‌గార్డులు. జులై వానలో అవి లేకుండా ఒక్కసారి ఆఫీసుకు వెళ్ళినవారికి వీపు మీద నిలువుబొట్టు పెట్టినట్టు పడే బురదచార సంగతి చెప్పనక్కర లేదు. అంతకన్న పెద్ద నష్టం చైనుకు. ముందుచక్రం చిమ్మే ఇసుకనీళ్ళు నేరుగా పెడళ్ళ ఇరుసు మీదికీ చైను మీదికీ పోతాయి. మడ్‌గార్డు టైరుకన్న సుమారు 10 మిల్లీమీటర్లు వెడల్పుగా ఉండాలి. సీటు కింద ఈకలా పొడుచుకువచ్చే ప్లాస్టిక్ ముక్కను మడ్‌గార్డు అని అమ్మితే తీసుకోకండి. దీనితోబాటే స్టాండూ, క్యారియరూ. సైకిలు కొనేముందే ఇరుసు దగ్గరా, సీటు కిందా మరలు పట్టే రంధ్రాలున్నాయో లేదో చూసుకోండి. ఆ రంధ్రాలు లేని ఫ్రేముకు ఆ తరవాత ఏదీ సరిగా కుదరదు. వెనక డిస్కు బ్రేకుంటే దానికి అడ్డురాని క్యారియరు అడగండి. క్యారియరు లేని సైకిలు మీద కూరగాయలు తేవాలంటే వీపుకు సంచీ తగిలించుకోవాలి. మన ఎండల్లో అది శిక్ష.

అయిదోది గాలి, పంక్చరు సామగ్రి. పాత నల్లసైకిలు టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. 700సి రిమ్ముది 622. కాబట్టి వీధి చివరి కొట్లో వేలాడే టైరు మీ చక్రానికి ఎక్కదు. ట్యూబు మూతి సంగతీ చూసుకోండి. మోటారుసైకిలుకుండే లావు మూతి అయితే ఏ పంక్చరు కొట్లోనయినా గాలి దొరుకుతుంది. పందెపు సైకిళ్ళకుండే సన్నమూతి అయితే ఒక చిన్న ఇత్తడి తొడుగు జేబులో ఉండాలి. ఒక విడి ట్యూబు, రెండు టైరు లివర్లు, పాచీలు, సొల్యూషను, చిన్న పంపు, 4-5-6 మిల్లీమీటర్ల అలెన్ తాళంచెవులు - ఇవన్నీ సీటు కింద పట్టే సంచీలో ఇముడుతాయి. గాలి ఎంత పట్టించాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. పెట్రోలు బంకులో పట్టిస్తే దగ్గరుండి చూడండి. ఈ టైరులో పట్టే గాలి చాలా తక్కువ, కారుకు కొట్టినట్టు కొడితే పేలిపోతుంది. ఒక చిన్న సీసా చైను నూనె కూడా కొనండి. వాడేసిన ఇంజనాయిలు పోసి చైనును ధూళి పట్టే జిగురుకాగితంగా మార్చకండి.

హెల్మెట్టు ప్రస్తావన ఇంత ఆలస్యంగా ఎందుకు తెచ్చానని అడుగుతారు. పెట్టుకోండి, నేను పెట్టుకుంటాను. మనదేశంలో సైకిలుకు అది చట్టపరంగా తప్పనిసరి కాదు. కొనేటప్పుడు యూరపు ప్రమాణం ఈఎన్ 1078 గాని, అమెరికా సీపీఎస్‌సీ గాని లోపల ముద్రించి ఉందేమో చూడండి. అందులోని నురగ ఒక్క దెబ్బకే పనికివస్తుంది. గట్టిగా తగిలాక పైకి బాగున్నా పారవేయవలసిందే. ఇంతా చెప్పి, ఒక మాట మాత్రం గట్టిగా అంటాను. హెల్మెట్టు పని దెబ్బ తగిలాక మొదలవుతుంది. దీపం, గంట, అద్దం, మంచి బ్రేకు దెబ్బ తగలకుండా చూస్తాయి. ఆసుపత్రిలో చేరినవాడిని "హెల్మెట్టు పెట్టుకున్నావా?" అని అందరూ అడుగుతారు. "దీపం ఎందుకు అమ్మలేదు?" అని కొట్టువాణ్ణి ఎవరూ అడగరు. హెల్మెట్టు గురించి ఇంతగా మాట్లాడి మిగతావాటి గురించి మౌనం వహించడంలో ఒక సౌకర్యముంది: భారమంతా తొక్కేవాడి నెత్తిమీదికే - అక్షరాలా - పోతుంది.

ఇక ఆభరణాలు. జెర్సీ, మెత్త నిక్కరు, కంప్యూటరు, చేతొడుగులు. వీటిని తిట్టను. ఒక్కరోజున వంద కిలోమీటర్లు తొక్కేవాడికి మెత్త నిక్కరు విలువ తెలుస్తుంది. ఆరు కిలోమీటర్ల ఆఫీసుకు అది అక్కర లేదు. జెల్లు దిండు మాత్రం చాలామందికి మోసమే. కూర్చునే ఎముకలు దానిలో దిగబడి, ఒత్తిడి పడకూడని మెత్తనిచోట ఒత్తిడి పెరుగుతుంది. సీటు నొప్పికి మొదటి మందు ఎత్తు సరిచేయడం: మడమను పెడలు మీద ఆనిస్తే అడుగుబిందువు దగ్గర కాలు తిన్నగా సాగాలి. ఆ మందుకు పైసా ఖర్చులేదు, అందుకే కొట్లో ఎవరూ చెప్పరు.

నా వాదానికి ఎదురయ్యే పెద్ద ఆక్షేపణలు మూడు. బరువు పెరుగుతుందని మొదటిది. మడ్‌గార్డులు, స్టాండు, క్యారియరు, దీపాలు అన్నీ కలిపినా రెండుమూడు కిలోలు. తొక్కేవారిలో చాలామంది అంతకు రెట్టింపు తమ పొట్టలోనే ఉచితంగా మోస్తున్నాం. రెండోది ధర. ధర తగ్గించి చూపడానికే కదా ఇవి పీకేస్తున్నది? వేలు పోసి కొనేవాడికి దీపానికి అయ్యే కొన్నివందలు భారమవుతాయనడం వట్టి సాకు. మూడోది కొంచెం ఆలోచించదగ్గది: కొనేవాడి ఇష్టానికి వదిలేయాలని, పందెగాడికి క్యారియరు ఎందుకని. ఒప్పుకుంటాను, క్యారియరు అక్కరలేనివారున్నారు. కానీ దీపం విషయంలో ఆ పందెగాళ్ళే నా పక్షం. ఆడాక్స్ క్లబ్ పారిసియాన్ నియమాల ప్రకారం 200, 300, 400, 600 కిలోమీటర్ల దూరాలు తొక్కే బ్రెవేలు మన తెలుగునాట కూడా జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు. రాత్రివేళ ముందూ వెనకా దీపాలు, మెరిసే పైచొక్కా లేనివాణ్ణి తొక్కనివ్వరు. అందరికన్న ఎక్కువ తొక్కేవాళ్ళు, ఒక్క గ్రాము బరువును కూడా లెక్కపెట్టేవాళ్ళు, తమంతట తాము రాసుకున్న నియమమది. వాళ్ళ జెర్సీని మనకు అమ్మి, వాళ్ళ దీపాన్ని దాచుకోవడం ఏం న్యాయం?

నగరాలూ ఈ ఊహలోనే ఉన్నాయి. 2023 అక్టోబరు 1న హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిలు దారిని సౌరఫలకాల కప్పుతో ప్రారంభించారు. చూడముచ్చటయిన కట్టడం, సందేహం లేదు. కానీ అది షికారుకు వెళ్ళవలసిన చోటే తప్ప, ఇంటినుంచి పనికి వెళ్ళేవాడి దారి కాదు. అక్కడికి చేరేవరకు మీరు దీపం లేని సైకిలు మీద, గీత లేని రోడ్డు మీదనే వెళ్ళాలి. కొట్టువాడి బుర్రలోనూ, నగరపాలకుల బుర్రలోనూ సైకిలుకు ఉన్న బొమ్మ ఒక్కటే: ఆదివారం ఉదయం.

కానీ సైకిలు ఆదివారం ఉదయానిది కాదు. 2011 జనగణనలో దేశంలో దాదాపు 45 శాతం ఇళ్ళలో సైకిలుందని తేలింది. అవి మన హైబ్రిడ్‌లు కావు. రాత్రి కాపలాకు వెళ్ళే వాచ్‌మాన్‌ది, భవనం పని ముగించుకుని తొమ్మిదింటికి షెడ్డుకు చేరే మేస్త్రీది, తెల్లవారకముందే పాలప్యాకెట్లు వేసే పిల్లవాడిది. వాళ్ళ సైకిళ్ళకూ దీపాల్లేవు. పాత డైనమో చెడిపోయాక మళ్ళీ వేయించలేదు. అడిగే పోలీసు లేడు, లేకపోతే పరువు తక్కువనుకునే లోకమూ లేదు. వాళ్ళలో ఎవరో ఒకరు ఏదో ఒక బైపాసు రోడ్డు మీద పడిపోయినప్పుడు పేపరులో వచ్చేది రెండు వాక్యాలు: గుర్తుతెలియని వాహనం ఢీకొంది, కేసు నమోదయింది. "కనబడలేదు" అన్న మాట వినబడటానికి అక్కడ ఢీకొన్నవాడే ఉండడు.

మన ముప్ఫైవేల సైకిలు గొడవకూ, అతని పాతసైకిలుకూ ఏమి సంబంధం అంటారా? ఉంది. సైకిలు ఎలా ఉండాలో మార్కెట్టు నేర్చుకునేది డబ్బు ఖర్చుపెట్టేవాడు అడిగినదాన్నిబట్టి. మనం జెర్సీ అడిగితే కొట్టునిండా జెర్సీలే వేలాడతాయి. దీపం లేని సైకిలు నాకొద్దని పదిమంది గట్టిగా అంటే, దీపం బిగించిన సైకిలు వస్తుంది; పదివేల మంది అంటే, దీపం చవకబడుతుంది; ఆ చవకదీపం వాచ్‌మాన్ సైకిలుకూ చేరుతుంది. గంటా, ముందూ వెనకా దీపాలూ లేకుండా ఏ సైకిలూ కొట్టు గడప దాటకూడదని ఒక్కవాక్యపు నిబంధన ప్రభుత్వం తెస్తే ఈ పని ఇంకా త్వరగా అవుతుంది. 2020లో బిళ్ళకు తేగలిగినవారు దీపానికీ తేగలరు.

అంతదాకా కొనేవాళ్ళ చేతిలో ఉన్నది ఒక్కటే. బేరం తెగాక, డబ్బు చేతులు మారకముందు, కొట్టువాణ్ణి ఇలా అడగండి: "దీపాలు, గంట, మడ్‌గార్డులు, స్టాండు, తాళం - ఇవి బిగించి సైకిలు ఇవ్వండి. ధర ఎంతో ఇప్పుడు చెప్పండి." యాక్సెసరీస్ అన్న మాట మీ నోట రానివ్వకండి. అతను ఆ మాట అంటే, అవి సైకిలులో భాగాలేనని మెల్లగా సరిదిద్దండి. జెర్సీలు వేలాడుతున్న గోడ వైపు అతను చూపించినప్పుడు మాత్రం నవ్వి, అవి యాక్సెసరీస్ అని మీరే చెప్పండి.